దత్తత తీసుకోడానికి మా ఊరు అనాథ కాదు

డిసెంబరు వస్తే పాడేరు ఘాట్, అనంతగిరి ఘాట్ ఎక్కే కాలేజీ బస్సులు ఎక్కువవుతాయి. బస్సు ముందు బ్యానర్ కట్టి ఉంటుంది. ఎన్ఎస్ఎస్ ప్రత్యేక శిబిరం, ఏడు రోజులు, దత్తత గ్రామం అని. కింద మన ఊరి పేరు, చాలాసార్లు తప్పు స్పెల్లింగుతో. ఈ ఏడాది బస్సులు బయల్దేరక ముందే దీని గురించి మాట్లాడుకుందామని రాస్తున్నాను. వైజాగ్ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముఖ్యంగా చదవాలి. ఆ బస్సులో మీరూ ఉంటారు కదా.

ముందు ఆ "దత్తత" మాట సంగతి చూద్దాం. దత్తత అంటే అమ్మానాన్నలు లేని బిడ్డనో, పెంచలేని ఇంటి బిడ్డనో ఇంకొకరు తెచ్చుకుని తమ ఇంటి పేరు పెట్టుకోవడం. దానికైనా ఇచ్చేవాళ్ళు ఉండాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. మా ఊరిని ఎవరిచ్చారు? ఏ రోజు ఇచ్చారు? కాలేజీ నుంచి సర్పంచికి ఒక ఫోన్ వస్తుంది. బడిలో రెండు గదులు దొరుకుతాయా, నీళ్ళకి ఇబ్బంది లేదు కదా, బస్సు ఎంతదాకా వస్తుంది, ఇవే ప్రశ్నలు. ఊరు దత్తతకి వెళ్ళిపోయినట్టే. తమని ఎవరో దత్తత తీసుకున్నారన్న సంగతి ఊళ్ళో సగం మందికి బ్యానర్ చూసేదాకా తెలీదు. చదువు రాని వాళ్ళకి అప్పుడూ తెలీదు.

ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ప్రతి ఊరికీ గ్రామసభ ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం ఏం చెప్తుందంటే, ఊళ్ళో ఏ అభివృద్ధి పథకమైనా, ప్రాజెక్టు అయినా అమలు చేసే ముందు గ్రామసభ ఆమోదం కావాలి. లబ్ధిదారులు ఎవరో తేల్చేది కూడా గ్రామసభే. మన రాష్ట్రంలో దానికి 2011లో రూల్స్ కూడా వచ్చాయి. ఏడు రోజుల కాలేజీ క్యాంపు ఈ చట్టం కింద "ప్రాజెక్టు" అవుతుందా అవదా అని లాయర్లు వాదించుకోవచ్చు. నేను ఆ వాదనలోకి పోను. కానీ కలెక్టర్ గారు కూడా అడగాల్సిన చోట కాలేజీ ఎందుకు అడగదు అనేది మామూలు మర్యాద ప్రశ్న. చుట్టాలింటికి వెళ్ళేటప్పుడు కూడా ముందు కబురు పెడతాం.

ఎన్ఎస్ఎస్ చిన్న వ్యవహారం అని నేను అనడం లేదు. 1969 సెప్టెంబరు 24న, గాంధీ గారి శతజయంతి ఏడాదిలో, 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. వాలంటీరుగా చేరినవాళ్ళు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు పని చెయ్యాలి. దానికి తోడు ఏడు రోజుల క్యాంపు. "నేను కాదు, మీరు" అనేది నినాదం. దీని మీద మన రాష్ట్ర ఉన్నత విద్యా మండలి డిగ్రీ పిల్లలందరికీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేసింది. 180 గంటలు, 4 క్రెడిట్లు, లాగ్ బుక్కు, రిపోర్టు. రోటరాక్ట్ క్లబ్బులు, లియో క్లబ్బులు వేరే.

ఒక్కసారి లెక్క వేద్దాం. ఒక ఎన్ఎస్ఎస్ యూనిట్లో వంద మంది అనుకుంటే, ఏడాదికి 12,000 గంటలు. ఒక్క కాలేజీలో ఒక్క యూనిట్ గంటలు ఇవి. వైజాగ్‌లో ఎన్ని కాలేజీలున్నాయో మీకు తెలుసు. చదువుకున్న కుర్రాళ్ళ గంటలు, రాయడం వచ్చినవాళ్ళ గంటలు, కంప్యూటర్ వచ్చినవాళ్ళ గంటలు. ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయి?

మొదటి రోజు ఊరేగింపు. పచ్చదనం పరిశుభ్రత అని నినాదాలు. రెండో రోజు మొక్కలు నాటడం. అడవిలో పుట్టి పెరిగిన ముసలాయన్ని పక్కన నిలబెట్టి, చెట్ల వల్ల లాభాలు ఏంటో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మైకులో చెప్తాడు. ఆయన నవ్వాపుకుని వింటాడు. మూడో రోజు చేతులు కడుక్కోవడం మీద అవగాహన. కుళాయి ఎక్కడుందని ఎవరూ అడగరు, నీళ్ళు ఊట దగ్గర నుంచి బిందెలతో మోసుకొస్తున్నది ఎదురుగానే కనపడుతున్నా. నాలుగో రోజు ఇంటింటి సర్వే. మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా, ఎంతమంది చదువుకున్నారు. పోయిన ఏడాది వేరే కాలేజీ కూడా ఇవే అడిగింది. ఆ కాగితాలు ఏమయ్యాయో ఊరికి ఒక్కరు కూడా తిరిగొచ్చి చెప్పలేదు. ఐదో రోజు డాక్టర్లతో మెడికల్ క్యాంపు, ఇది మంచిదే, కాదనను. ఆరో రోజు "స్థానిక పర్యాటక ప్రాంతాల సందర్శన", అంటే వంజంగి మబ్బులో, లంబసింగి చలో. ఏడో రోజు పాత బట్టల పంపిణీ, ధింసా, ఫోటోలు, సెలవు.

వాళ్ళు పోయాక బడి వెనక మిగిలిన ప్లాస్టిక్ గ్లాసులు మన పిల్లలు ఏరతారు. మొదటి రోజు ఊరేగింపులో "ప్లాస్టిక్ వద్దు" అట్ట పట్టుకున్నదీ వాళ్ళే.

ధింసా గురించి ఒక మాట. నేను వైజాగ్‌లో డిగ్రీ చదివిన మూడేళ్ళూ మా కాలేజీలో ఏ ప్రోగ్రాం అయినా, ముఖ్య అతిథి ఎవరైనా, ఏజెన్సీ పిల్లలకి కబురొచ్చేది: ధింసా వెయ్యాలి, చీరలు కాలేజీయే తెప్పిస్తుంది. స్టేజీ దిగాక క్లాసులో మా తెలుగు యాసని వెక్కిరించేవాళ్ళు, అదే నోళ్ళు. స్కాలర్‌షిప్ రాక హాల్ టికెట్ ఆపినప్పుడు మా కోసం ఆఫీసు ముందు నిలబడ్డ సేవా సంఘం ఒక్కటీ లేదు. ఆ ఏడాది కాలేజీ వార్షిక నివేదికలో మాత్రం మా ధింసా ఫోటో ఉంది, "గిరిజన సంస్కృతి పరిరక్షణ" అని కింద రాసి. కాలేజీ పేరు చెప్పను. చెప్తే ఆ ఒక్క కాలేజీదే తప్పు అనుకుంటారు. ఈ పేజీ చదివే మనవాళ్ళు ఎంతమందికి ఇదే అనుభవమో కామెంట్ల అవసరం లేకుండానే నాకు తెలుసు.

ఇక్కడ ఎవరో ఒకరు అంటారు: "అయినా వాళ్ళు వస్తున్నారు కదా, రాని వాళ్ళకంటే నయం కదా, పిల్లల్ని ఎందుకు నిరుత్సాహపెడతారు?" నా గొడవ పిల్లలతో కాదు. చలిలో నేల మీద పడుకుని, అంబలి తాగి, మా అమ్మల దగ్గర కూర్చుని కబుర్లు విన్న వాలంటీర్లు నాకు తెలుసు. వాళ్ళలో కొందరు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. నా గొడవ వాళ్ళ గంటలు ఎవరు ఖర్చు పెడుతున్నారు, దేని మీద ఖర్చు పెడుతున్నారు అనే దాంతో. ఇంకో గొడవ కూడా ఉంది, అది కొంచెం పాతది. కొండకీ విశాఖకీ మధ్య ఎవరు ఎవరికి ఇస్తున్నారు అనేది.

గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుడుతుంది. బొర్రా గుహల్లోంచి దిగి తాటిపూడి రిజర్వాయర్లో నిలుస్తుంది. అక్కడి నుంచి విశాఖ నగరానికి తాగునీరు పోతుంది. మాచ్‌ఖండ్‌లో కరెంటు 1955 నుంచి పుడుతోంది. అందుకోసం మునిగిన ఊళ్ళు ఆదివాసీ ఊళ్ళు, ఆ కరెంటు వాడుకున్నది మైదానం. బైలదిల్లా ఇనుప ఖనిజం బస్తర్ ఆదివాసీల కొండల్లోంచి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీదుగా, మన అరకు, బొర్రా సొరంగాల్లోంచి దిగి పోర్టుకి వెళ్తుంది. జపాన్‌కి ఎగుమతి చెయ్యడానికే 1960లలో ఆ లైను వేశారు. తర్వాత విశాఖ ఉక్కు కర్మాగారానికీ ఖనిజం బైలదిల్లా నుంచే వచ్చింది. టూరిస్టులు అద్దాల పెట్టెలో కూర్చుని ఫోటోలు తీసుకునే రైలు మార్గం అదే. నీళ్ళు, వెలుగు, ఇనుము కిందకి దిగాయి. పైకి వచ్చినవి పాత బట్టలు. దీన్ని సేవ అని మేం ఎందుకు అనాలి?

విశాఖ విద్యార్థులకి హక్కు అనే మాట కొత్తది కాదు. ఈ నగరమే దాన్ని రాష్ట్రానికి నేర్పింది. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని కాలేజీల్లోంచి విద్యార్థులు రోడ్ల మీదకి వచ్చారు. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళెవరికీ లాగ్ బుక్కు లేదు, క్రెడిట్లు లేవు, సర్టిఫికెట్ లేదు. 2021 జనవరిలో ఆ ప్లాంటుని ప్రైవేటుకి ఇస్తామని కేంద్రం అన్నప్పుడు మళ్ళీ అదే నినాదం గోడల మీదకి వచ్చింది. మన సంఘాలు కూడా మద్దతు ఇచ్చాయి, ఇవ్వాలి కూడా. కానీ ఉక్కు మీద హక్కు అడిగిన నగరం, ఆ ఉక్కులోని ఇనుము ఏ కొండది అని ఎప్పుడైనా అడిగిందా? ప్లాంటు కోసం భూములిచ్చి, ఉద్యోగాల కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్న నిర్వాసితుల్ని ఎన్ని సేవా యూనిట్లు వెళ్ళి కలిశాయి? వాళ్ళ ఊళ్ళు కాలేజీకి సిటీ బస్సు దూరమే. అక్కడ మబ్బులు ఉండవు మరి.

హక్కు అడిగేవాడి పక్కన నిలబడితే గవర్నమెంటుకి కోపం వస్తుంది, బట్టలు పంచితే రాదు. ఏడు రోజుల షెడ్యూల్లో ఏముంటుంది, ఏముండదు అనేది ఈ ఒక్క భయం నిర్ణయిస్తోందని నా అభిప్రాయం.

సరే, ఏం చెయ్యాలి? 12,000 గంటలతో చెయ్యగలిగింది చాలా ఉంది. ఒక్కటి తీసుకుని వివరంగా చెప్తా.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2007 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి మన సాగులో ఉన్న పోడు భూమికి పట్టా ఇవ్వాలి. వ్యక్తిగత హక్కుకి ఫారం-ఎ, ఊరుమ్మడి హక్కుకి ఫారం-బి, ఊరి అడవి మొత్తం మీద హక్కుకి ఫారం-సి. క్లెయిం గ్రామసభలో మొదలై, సబ్ డివిజన్ కమిటీ మీదుగా జిల్లా కమిటీకి పోతుంది. ఇది మనవాళ్ళకి తెలుసు. తెలియాల్సినంత తెలియనిది సాక్ష్యాల సంగతి. ఆఫీసులో గుమాస్తా "పాత కాగితం ఏదైనా ఉందా" అని అడగ్గానే మనవాళ్ళు తలొంచుకుని వచ్చేస్తారు. చట్టం కింద ఉన్న రూల్స్‌లో 13వ రూలు చదవండి. ఊరి పెద్దలు చెప్పిన మాట రాసి పెడితే అది సాక్ష్యం. భూమి చదును చేసిన ఆనవాళ్ళు, గట్లు, ఇల్లు సాక్ష్యం. పాత బావి, శ్మశానం, దేవుడి చోటు సాక్ష్యం. ఇలాంటివి ఒకటి కంటే ఎక్కువ ఉంటే చాలు. శాటిలైట్ ఫోటోలో పొలం కనపడలేదని క్లెయిం కొట్టేస్తున్నారా? శాటిలైట్ ఫోటో మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటి బదులు పనికిరాదని కూడా రూల్స్‌లోనే ఉంది. క్లెయిం తిరస్కరిస్తే కారణం రాసి, మనిషికి స్వయంగా తెలియజేయాలి. ఆ రోజు నుంచి 60 రోజుల్లో పైకమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు చెప్పండి, ఊరి పెద్దలు చెప్పింది శుద్ధంగా రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవడం ఎవరి పని? డిగ్రీ పిల్లల పని. పొలం చుట్టూ నడిచి కొలిచి, నకలు గీసి ఇవ్వడం? సివిల్ ఇంజనీరింగ్ పిల్లలు దానికే చదువుతున్నారు. అటవీ, రెవెన్యూ మ్యాపులు గ్రామసభకి ఇవ్వాల్సిన బాధ్యత సబ్ డివిజన్ కమిటీది. అవి ఇవ్వమని అర్జీ రాసి, రసీదు తీసుకుని, మళ్ళీ అడగడం? లా చదివేవాళ్ళ పని. తిరస్కరించిన క్లెయింల జాబితా సంపాదించి, ఎవరికి కారణం చెప్పారు, ఎవరికి చెప్పలేదు అని ఇంటింటికీ తిరిగి పట్టిక తయారు చెయ్యడం? మరుగుదొడ్ల సర్వేకి పట్టే టైమే దానికీ పడుతుంది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిం తిరస్కరించిన వాళ్ళని అడవి నుంచి ఖాళీ చేయించమంది. 28న తన ఆర్డర్ తానే ఆపింది. ఆ రెండు వారాలు మన ఇళ్ళలో ఎలా గడిచాయో గుర్తుందా? అప్పుడు మన చేతిలో ఉండాల్సింది సరిగ్గా ఈ పట్టికే.

ఇంకో విషయం. పాడేరు, అరకు వైపు మాత్రమే కాదు, అనకాపల్లి జిల్లాలో ఐదో షెడ్యూల్లో కలపని ఆదివాసీ ఊళ్ళు ఉన్నాయి. దేవరాపల్లి, రావికమతం, గొలుగొండ, నాతవరం మండలాల వైపు. షెడ్యూల్లో లేవు కాబట్టి అక్కడ పెసా లేదు, 1/70 చట్టం లేదు, ఐటీడీఏ చూపూ తక్కువే. కానీ అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్ గీతతో పని లేదు, అక్కడా వర్తిస్తుంది. వైజాగ్ నుంచి అవి దగ్గర కూడా. సేవకి చోటు వెతుక్కునే ప్రోగ్రాం ఆఫీసర్లు ముందు అటు చూడొచ్చు. టూరిజం బోర్డు ఉండదు, పని మాత్రం బోలెడు ఉంటుంది.

బడి సంగతి కూడా చెప్పుకోవాలి. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కువి మాట్లాడే పిల్లకి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లాడికి, మొదటి తరగతిలో వాళ్ళ మాట తెలిసిన టీచర్ ఉంటాడా ఉండడా అనేది ఆ రోజు నుంచి అదృష్టం మీద పడింది. క్యాంపుకి వచ్చినవాళ్ళు మన పిల్లలకి వారం రోజులు ఇంగ్లీష్ రైమ్స్ నేర్పి వెళ్తారు. జీవో 3 బదులు కొత్త చట్టం కావాలని పాడేరులో ధర్నా చేస్తే నగరం నుంచి ఒక్క సేవా బ్యాడ్జి కూడా కనపడలేదు.

అసలు కొండ ఎక్కకుండానే చెయ్యగలిగిన పని ఉంది. ఏజెన్సీలో కేసు ముదిరితే కేజీహెచ్‌కి పంపుతారు. డోలీ మీద, తర్వాత 108లో, తర్వాత ఘాట్ దిగి, వంద కిలోమీటర్లకి పైగా వచ్చిన బాలింతకి అక్కడ తెలుగు సరిగ్గా రాదు. డాక్టరు ఏం అడుగుతున్నారో తెలీదు, మందుల చీటీ ఎక్కడ ఇవ్వాలో తెలీదు, ఏ బ్లాకులో ఏముందో తెలీదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ వేలిముద్ర వేస్తుంది. నగరంలో చదువుకుంటున్న మన పిల్లలకి కువి వచ్చు, కుపియా వచ్చు, ఒడియా వచ్చు. వాళ్ళని, వాళ్ళతో తోడుగా మిగతా వాలంటీర్లని, రోజుకి ఇద్దరి చొప్పున అక్కడ కూర్చోబెట్టండి. ఆ గంటలు లాగ్ బుక్కులో రాయండి. బీచ్ శుభ్రం చేసిన గంటలకి క్రెడిట్ వస్తే దీనికి ఎందుకు రాదు? పైగా క్యాంపస్‌లో మొదటిసారి, మా భాష స్టేజీ మీద కాకుండా పనిలో అవసరమవుతుంది. రక్తదానం మాత్రం ఆపొద్దు, ఇంకా పెంచండి. సికిల్ సెల్ ఉన్న ఇళ్ళు మన దగ్గర ఉన్నాయి, రక్తం విలువ మనకి తెలుసు.

ఇక మన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి. మీలో చాలామంది ఎన్ఎస్ఎస్‌లో ఉన్నారు, గ్రేస్ కోసమో, సర్టిఫికెట్ కోసమో, ఇష్టంతోనో. మానెయ్యమని నేను చెప్పను. అందులోనే ఉండండి, కానీ ధింసా టీంలో మాత్రమే ఉండకండి. క్యాంపు ప్లాను తయారయ్యే మీటింగులో కూర్చోండి. ఊరి పేరు అనుకున్న రోజే అడగండి, గ్రామసభ తీర్మానం కాపీ ఏది అని. లేకపోతే తీసుకొద్దాం, నేను ఊరికి ఫోన్ చేస్తా, వారం టైం ఇవ్వండి అని చెప్పండి. సర్వే ఫారం మీ చేతికొస్తే, ఈ లెక్కలు తిరిగి ఊరికి ఎప్పుడు ఇస్తారు అని పైనే రాయించండి. "దత్తత గ్రామం" అని బ్యానర్ ప్రింటుకి వెళ్తుంటే ఆ మాట తీయించండి. ఊరి పేరు చాలు, స్పెల్లింగు సరిగ్గా ఉంటే. సార్లు కోప్పడతారు. కొందరు సార్లు సంతోషిస్తారు కూడా, వాళ్ళకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు అంతే.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి కూడా పని ఉంది. అటవీ హక్కుల కమిటీ పేరుకి ఉండి, రిజిస్టరు ఎక్కడుందో తెలియని ఊళ్ళు మనవే. తిరస్కరించిన క్లెయింల కాగితాలు చూరులో చెక్కిన ఇళ్ళూ మనవే. బస్సు వచ్చేలోగా అవి దింపి, దులిపి, ఒక చోట పెట్టండి. ఏ పెద్దాయన మాట రాయించాలో, ఏ శ్మశానం చూపించాలో ఇప్పుడే అనుకోండి.

ఆ తర్వాత కాలేజీ నుంచి సర్పంచికి ఫోన్ వస్తుంది. బడిలో రెండు గదులు ఖాళీగా ఉంటాయా అని అడుగుతారు. ఉంటాయని చెప్పండి. మీరూ ఒకటి అడగండి: వచ్చే యాభై మందిలో ఫారం-ఎ నింపడం ఎంతమందికి వచ్చు?